నడిచిన స్తంభం: కెమెరాకూ లైడార్‌కూ మధ్య తగవు తీర్చబోయిన ఒక కేసు

నేపథ్యం

ఈ కేసులోని వాహనం పదిహేను సీట్ల చిన్న బస్సు. నిర్ణీత మార్గంలో, మామూలు వాహనాల మధ్యనే, గంటకు 50 కి.మీ. మించకుండా అది తనంతట తాను నడవాలన్నది తయారీ సంస్థ లక్ష్యం. నేను చూసేనాటికి స్టీరింగు ముందు, యంత్రం తప్పితే బండిని అందుకునే సేఫ్టీ డ్రైవర్ ఎప్పుడూ ఉండేవారు, సీట్లలో మనుషులకు బదులు ఇసుక బస్తాలు ఉండేవి. సంస్థ పేరు, ఊరు, కాలం, పరికరాలు ఎవరివన్న వివరాలు ఇక్కడ రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు సాంకేతిక వివరాలను మార్చాను కానీ, ఏ కారణం వల్ల ఏం జరిగిందన్న వరుసను మార్చలేదు.

వేర్వేరు బృందాలు తయారు చేసిన భాగాలు ఒకే బండిలో చేరాక ఎలా పనిచేస్తున్నాయో పరిశీలించడం నా వృత్తి. ఈ సంస్థలో అలాంటి బృందాలు రెండు ఉండేవి. మొదటి బృందం, లేజర్ కిరణాలు పంపి అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి చుట్టూ ఉన్నవాటి దూరాన్ని బిందువులుగా కొలిచే, బండి పైకప్పు మీద తిరిగే లైడార్‌నూ, ముందున్న రాడార్‌నూ, సెంటీమీటర్ల లెక్కలో ముందే కొలిచి పెట్టుకున్న హెచ్‌డీ మ్యాప్‌నూ నమ్ముకుంది. చూడడం, గుర్తించడం, ఎదుటివారి కదలికను అంచనా వేయడం, దారి ఎంచుకోవడం, చక్రం తిప్పడం వారి పద్ధతిలో వేటికవి విడి అంచెలు. రెండో బృందం ఆరు కెమెరాల దృశ్యాన్ని ఉదాహరణల నుంచి నేర్చుకునే ఒకే పెద్ద న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇచ్చి, నడవాల్సిన దారిని నేరుగా దాన్నుంచే రాబట్టింది. ఈ ఎండ్-టు-ఎండ్ పద్ధతిలో మధ్య అంచెలు ఉండవు, మ్యాప్ కూడా పేరుకే.

ఈ రెండు దారుల్లో ఏదీ నిన్న మొన్నటిది కాదు. కెమెరా బొమ్మ చూసి స్టీరింగు ఎంత తిప్పాలో చెప్పే ఆల్విన్ అనే చిన్న నెట్‌వర్క్‌ను కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డీన్ పామర్‌లో 1980ల చివర్లోనే తయారు చేశాడు. లైడార్ దారికి ఊపునిచ్చినవి, అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని బండ్లకు పెట్టిన పోటీలు. 2004లో ఎడారిలో జరిగిన మొదటి పోటీలో ఒక్క బండీ గమ్యం చేరలేదు. అన్నిటికంటే ముందుకు వెళ్లినది కూడా పన్నెండు కిలోమీటర్ల లోపే ఆగిపోయింది. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ వారి స్టాన్లీ సుమారు 212 కి.మీ. పూర్తి చేసి గెలిచింది. 2007 నాటి నగర పోటీ అయ్యేసరికి పైకప్పు మీద గిరగిరా తిరిగే 64 కిరణాల లైడార్ ఈ రంగానికి గుర్తుగా మారింది. ఆ పోటీల్లో పనిచేసినవారితోనే 2009లో గూగుల్ మొదలుపెట్టిన ప్రాజెక్టు తర్వాత వేమో అనే సంస్థ అయింది, 2020 అక్టోబరులో ఫీనిక్స్ శివార్లలో డ్రైవర్ లేని ప్రయాణాన్ని సామాన్య జనానికి తెరిచింది. టెస్లా దీనికి ఎదురు దారి పట్టింది: లైడార్ వద్దంది, 2021 మేలో ఉత్తర అమెరికా మోడల్ 3, మోడల్ వై కార్ల నుంచి రాడార్‌ను కూడా తీసేసింది, 2024లో ఎండ్-టు-ఎండ్ నెట్‌వర్క్‌తో నడిచే 12వ వెర్షన్‌ను వాడకందారులకు విస్తృతంగా ఇచ్చింది. ఒకటి డ్రైవర్ లేకుండా పరిమిత ప్రాంతంలో నడిచేది, మరొకటి డ్రైవర్ కనిపెట్టుకుని ఉండగా ఎక్కడైనా నడిచేది కాబట్టి రెండిటినీ ఒకే తక్కెడలో తూచలేం. మా సంస్థలో మాత్రం రోజూ తూచేవారు.

ఎదురైన సమస్య

బస్సు ఏమీ లేని చోట గట్టిగా బ్రేకు వేస్తోంది. ఒకసారి వెనుక వస్తున్న వ్యాను వెంట్రుకవాసిలో తప్పించుకున్న తర్వాత రోడ్డు మీద పరీక్షలు ఆపి నన్ను పిలిచారు.

మొదటి రోజు అనుమతి తీసుకుని, తక్కువ వేగంతో, వెనుక మరో కాపలా బండిని పెట్టుకుని మార్గమంతా ఒకసారి తిరిగాం. ఒక మలుపు ఇంకా వంద మీటర్ల దూరంలో ఉండగానే సేఫ్టీ డ్రైవర్ నావైపు తిరిగి, "బెల్టు సరిచూసుకోండి సార్, ఇక్కడ ఆగుతుంది" అన్నారు. అన్నట్టే ఆగింది. ముందు తెర మీద నారింజ రంగు పెట్టె ఒకటి మెరిసింది, అదేమిటో చదివేలోపే మాయమైంది. వెనుక సీట్లోంచి ఇసుక బస్తా ఒకటి జారి నడవలో పడింది. ఆమె దాన్ని తీసి మళ్లీ సీట్లో పెట్టిన తీరు చూస్తే అది ఆమెకు దినచర్య అయిపోయిందని అర్థమైంది. యంత్రం ఎక్కడ తప్పు చేస్తుందో ముందే చెప్పగలిగిన మనిషి బండిలోనే ఉన్నారు. ఆ మాట ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్నాను కానీ, దాని విలువ నాకు తెలిసింది మూడు వారాల తర్వాత.

యాజమాన్యం నన్ను అడిగిన ప్రశ్న వేరు. వచ్చే ఏడాదికి ఒక పద్ధతికే డబ్బు సరిపోతుంది, కెమెరాదా లైడార్‌దా తేల్చి చెప్పండి అన్నారు. తప్పుడు బ్రేకులకు లైడార్, రాడార్లే కారణమని కెమెరా బృందం, కెమెరా గుర్తింపులు కలిపాకే ఈ జబ్బు మొదలైందని మ్యాప్ బృందం చెబుతున్నాయి. రెండు వాదనలకూ లాగుల (బండి తన నడకను నమోదు చేసుకునే రికార్డుల) నుంచి ఉదాహరణలు ఉన్నాయి, రెండూ నిజమైన ఉదాహరణలే.

ఆ ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పనన్నాను. లేనిదాన్ని చూడడం ఒక తప్పు, ఉన్నదాన్ని చూడకపోవడం మరో తప్పు. తాడును పాము అనుకుని ఎగిరితే నవ్వులపాలు, పామును తాడనుకుంటే ప్రాణాపాయం. మా దగ్గర ఫిర్యాదులన్నీ మొదటి రకానివే, ఎందుకంటే రెండో రకం తప్పు జరిగే లోపే డ్రైవర్ చేయి స్టీరింగు మీదికి వెళుతుంది కనుక అది ఫిర్యాదు రూపంలో రాదు. మొదటి రకాన్ని మాత్రమే లెక్కపెట్టి ఒక పద్ధతిని గెలిపిస్తే, గుడ్డిదైన పద్ధతికే బహుమతి ఇచ్చినట్టవుతుంది.

ప్రయత్నించినవి, ఫలించనివి

ముందుగా వచ్చిన సూచనను ప్రయత్నించకుండానే కాదన్నాను. ఏదైనా అడ్డు కనిపించినా, అది అర సెకనో సెకనో నిలకడగా ఉంటేనే బ్రేకు వేయాలన్నది ఆ సూచన. చూడడానికి సబబుగానే ఉంటుంది, తెర మీది పెట్టె క్షణంలో మాయమవుతోంది కదా. నేను కాదనడానికి కారణం 2018 మార్చి 18న అమెరికాలోని టెంపీలో ఉబర్ పరీక్ష కారు సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొన్న ప్రమాదం మీద అక్కడి రవాణా ప్రమాదాల విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన నివేదిక. కారు ఆమెను ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే పసిగట్టింది; అయితే వాహనమని ఒకసారి, ఏదో వస్తువని ఒకసారి, సైకిలని ఒకసారి పేరు మారుస్తూ, మార్చిన ప్రతిసారీ అంతకుముందు కదలిక చరిత్రను వదిలేసింది. దానికితోడు, తప్పుడు బ్రేకుల బెడద తగ్గించడానికి పెట్టిన ఒక సెకను నిరీక్షణ కూడా అందులో ఉంది. గంటకు 50 కి.మీ. వేగంలో ఒక సెకనంటే 14 మీటర్లు. ఆ 14 మీటర్లను ఎవరి ఖాతాలోంచి తీసివ్వాలో నాకు తెలియలేదు.

నిజంగా ప్రయత్నించిన మొదటి మార్పు రాడార్ విషయంలో. మార్గంలో రెండుచోట్ల రోడ్డుకు అడ్డంగా, పైన, సూచిక బోర్డుల ఇనుప దూలాలు ఉన్నాయి. బస్సులోని 77 గిగాహెర్ట్జ్ రాడార్ దూరాన్నీ వేగాన్నీ చక్కగా చెబుతుంది కానీ ఎత్తును దాదాపు చెప్పలేదు. ఇనుప దూలం తలమీద ఉందో, దారికి అడ్డంగా ఉందో దానికి ఒకటే. అందుకని కదలని వస్తువుల నుంచి వచ్చే రాడార్ సంకేతాలను పట్టించుకోకుండా చేశారు. ఆ రెండుచోట్లా బ్రేకులు ఆగిపోయాయి, అందరం సంతోషించాం. తర్వాత మూసిన ట్రాక్ మీద, ఫోమ్‌తో చేసిన డమ్మీ కారును దారిలో కదలకుండా నిలబెట్టి పరీక్షించాం. బస్సు ఆగింది, అయితే నాకు నచ్చనంత ఆలస్యంగా ఆగింది. కదలని వస్తువును పట్టించుకోవద్దని మనమే చెప్పాక, ఆగివున్న కారు గురించి రాడార్‌ను నిందించడం ఆడలేక మద్దెల ఓడనడమే.

రాడార్‌ను పూర్తిగా పీకేస్తే సరిపోతుందన్నారు కెమెరా బృందంవారు. 2022 ఫిబ్రవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ టెస్లా 2021, 2022 మోడల్ 3, మోడల్ వై కార్లు ఉన్నట్టుండి బ్రేకు వేస్తున్నాయన్న 354 ఫిర్యాదుల మీద విచారణ మొదలుపెట్టింది. దాని పరిధిలోకి వచ్చిన సుమారు 4,16,000 బండ్లలో రాడార్ లేనివి కూడా ఉన్నాయి. పరికరాన్ని తీసేసినంత మాత్రాన ఆ జబ్బు పోతుందని నమ్మడానికి అది నాకు అడ్డొచ్చింది. కదలని వస్తువులను పట్టించుకోని ఆ మార్పును వెనక్కి తీసుకున్నాం.

రెండో ప్రయత్నంగా కెమెరా నెట్‌వర్క్‌ను షాడో మోడ్‌లో పెట్టాం. అంటే బండిని సేఫ్టీ డ్రైవర్ నడుపుతుంటే, తానైతే ఏం చేసి ఉండేదో నెట్‌వర్క్ పక్కన రాసుకుంటూ పోతుంది. ఫలితం చూసి కెమెరా బృందం నాయకుడి ముఖం వెలిగిపోయింది. బస్సు ఉత్తినే ఆగే ఏ ఒక్క మలుపులోనూ నెట్‌వర్క్ బ్రేకు కోరలేదు. "ఇంకా ఏం రుజువు కావాలి మీకు?" అన్నాడు.

ఇక్కడ నేను తటపటాయించాను, ఎందుకంటే అతని మాటలో కొంత నిజముంది. అయితే షాడో మోడ్‌లో నెట్‌వర్క్ చేసిన చిన్న తప్పుకు పర్యవసానం ఉండదు. బండిని మనిషి ఎప్పుడూ దారిలోనే ఉంచుతాడు, కాబట్టి నెట్‌వర్క్ తనకు అలవాటైన దృశ్యాలనే మళ్లీ మళ్లీ చూస్తుంది. తానే నడిపినప్పుడు చిన్న తప్పు బండిని కొంచెం పక్కకు తీసుకుపోతుంది, ఆ పక్క దృశ్యం శిక్షణలో లేనిది, అక్కడ తప్పు ఇంకొంచెం పెరుగుతుంది. అనుకరించి నేర్చుకునే ఏ పద్ధతికైనా ఇది పుట్టుకతో వచ్చే బలహీనత. ఆల్విన్ నాటికే తెలిసిన సంగతి; శిక్షణ బొమ్మలను కావాలనే పక్కకు జరిపి దానికి చూపించేవారు. మా బృందం కూడా అలాంటి జాగ్రత్తలు తీసుకుంది కానీ, వాటికి పరిమితి ఉంది.

అందుకని నెట్‌వర్క్‌ను ట్రాక్ మీదికి తీసుకెళ్లి నిజంగానే నడపనిచ్చాం. డమ్మీ కారు ముందు చక్కగా, మొదటి బృందం వ్యవస్థకంటే మెత్తగా ఆగింది. ఆ తర్వాత దారికి అడ్డంగా ఖాళీ ట్రెయిలర్ నమూనా పెట్టాం: నడుమెత్తున లేత బూడిద రంగు పలక, కింద అంతా ఖాళీ, ఆ ఖాళీలోంచి అవతలి రోడ్డు కనిపిస్తుంటుంది. నెట్‌వర్క్ వేగం తగ్గించలేదు. నడుస్తున్న బస్సులో అది తెలిసే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. ఏమీ జరగదు. ఇంజిన్ చప్పుడు మారదు, తెర మీద ఆకుపచ్చ గీత పలక కిందుగా నిటారుగా సాగిపోతూనే ఉంటుంది. డ్రైవర్ బ్రేకు తొక్కారు. 2016 మేలో ఫ్లోరిడాలోని విల్లిస్టన్ దగ్గర, ఆటోపైలట్‌లో ఉన్న టెస్లా కారు రోడ్డు దాటుతున్న తెల్లటి ట్రెయిలర్ కిందికి దూసుకుపోయిన ఘటన మా అందరికీ తెలుసు, ఆ నమూనా తయారు చేయించినప్పుడు నా మనసులో ఉన్నదీ అదే. అయినా కళ్లముందు చూడడం వేరు.

మూడో ప్రయత్నం రాజీ లాంటిది. కెమెరా, లైడార్, రాడార్‌లలో ఏ రెండు ఔనన్నా బ్రేకు, ఒక్కటే అంటే లేదు. కాగితం మీద దీనికి మంచి లెక్క ఉంది: ఒక్కొక్కటి పదిసార్లలో ఒకసారి పొరబడినా, మూడింటిలో రెండు ఒకేసారి పొరబడేది నూటికి మూడుసార్ల లోపే. ఆ లెక్క నిలవాలంటే వాటి తప్పులకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. ట్రెయిలర్ నమూనా దగ్గర కెమెరా దాన్ని ఎప్పుడూ చూడలేదు గనుక మాట్లాడలేదు, రాడార్ సంకేతం కదలని వస్తువుది గనుక బలహీనంగా లెక్కలోకి వచ్చింది, లైడార్ ఒక్కటే పలక అంచును గీత గీసినట్టు చూపించింది. ఒకటికి రెండు. ఇద్దరు నిద్రపోతున్న ఇంట్లో మెలకువగా ఉన్నవాడి మాట ఓడిపోయింది. మలుపుల దగ్గరేమో దీనికి తలకిందులుగా జరిగింది: బ్రేకులు తగ్గాయి కానీ ఆగలేదు, అంటే రెండు సాక్ష్యాలు కలిసి ఒకే అబద్ధం చెబుతున్నాయి. వేర్వేరు పరికరాలు ఒకే అబద్ధం చెబితే, ఆ అబద్ధం పరికరాల్లో పుట్టలేదన్నమాట. వాటికి ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి.

కారణం దొరికిన తీరు

అప్పటికి ఎక్కువ కిలోమీటర్లు తిప్పి గణాంకాలు తెస్తే తేలిపోతుందన్న వాదన కూడా మొదలైంది. ఆ దారి మాకు లేదు. మనుషులు నడిపే కార్ల మరణాల రేటుతో పోలిస్తే తమ బండి అంతకంటే చెడ్డది కాదని 95 శాతం నమ్మకంతో చూపించాలంటేనే ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు, అంటే సుమారు 44 కోట్ల కి.మీ. తిరగాలని అమెరికా పరిశోధన సంస్థ రాండ్ 2016లో లెక్కగట్టింది. మా దగ్గర ఉన్నవి మూడు బస్సులు. ఎక్కువ సంఘటనలను పైపైన చూసేకంటే ఒక్కదాన్ని అడుగంటా చూడడం మేలనిపించింది.

మొదట చేసిన పని చిన్నది. సంఘటనల పట్టికలో తేదీ, సమయం, 'అనుమానిత సెన్సార్' అనే గడులు ఉన్నాయి. మూడో గడిని ఏ బృందం నింపితే ఆ బృందం ఎదుటివారి పేరు రాసేది. ఆ గడిని దాచేసి, ప్రతి బ్రేకు పక్కనా ఆ క్షణంలో బస్సు సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో రాశాను. పట్టిక రెండు ముక్కలైపోయింది. ఒక ముక్కలో తిరుగుడు దాదాపు సున్నా, అవన్నీ ఇనుప దూలాల కింద జరిగినవి. రెండో ముక్కలో ప్రతిసారీ బస్సు మలుపులోకి తిరుగుతోంది. డ్రైవర్లను అడిగితే, "మలుపుల దగ్గరే కదా సార్ ఎప్పుడూ" అన్నారు. ఆ సంగతి రాయడానికి పట్టికలో గడి లేదు, అంతే.

తర్వాత మొదటి రోజు నాతో బెల్టు సరిచూసుకోమన్న ఆ మలుపునే తీసుకుని, లైడార్ ముడి బిందువులను ఒక్కొక్క చుట్టుగా తెర మీద పరిచాను. మలుపు బయటి అంచున ఒక దీపస్తంభం ఉంది. బస్సు తిన్నగా వస్తున్నంతసేపు స్తంభం తన చోటే ఉంది. చక్రం తిరగడం మొదలుకాగానే స్తంభం కదిలింది. ఐదు చుట్లలో, అంటే అర సెకనులో, అర మీటరు రోడ్డు వైపు జరిగింది. సన్నగా, నిటారుగా, మనిషి నడక వేగంతో రోడ్డు మీదికి వస్తున్న వస్తువు ఏమిటని, వస్తువుల కదలికను వెంబడించి గుర్తించే ట్రాకర్‌ను అడిగితే అది ఏం చెబుతుంది? పాదచారి అంది. దారి ఎంచుకునే ప్లానర్ తన పని తాను చేసింది. ఆ నారింజ పెట్టె అదే.

స్తంభం ఎందుకు నడిచింది? లైడార్ ఒక చుట్టు తిరగడానికి 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ బస్సులో దాని చుట్టు మొదలయ్యేది సరిగ్గా ముందువైపు నుంచి. చుట్టు పూర్తయి, మొత్తం బిందువుల మూట కంప్యూటర్‌కు చేరాక, చేరిన సమయాన్నే అన్ని బిందువులకూ, కొలిచిన సమయాన్ని చెప్పే టైమ్‌స్టాంప్‌గా వేస్తున్నారు. అంటే ముందున్న స్తంభాన్ని కొలిచింది ఇప్పుడు కాదు, పదోవంతు సెకను కిందట. బస్సు సెకనుకు 12 డిగ్రీల చొప్పున తిరుగుతుంటే ఆ పదోవంతులో 1.2 డిగ్రీలు తిరిగిపోతుంది. 25 మీటర్ల దూరంలో 1.2 డిగ్రీలంటే అర మీటరు పైచిలుకు. తిరుగుడు పెరుగుతున్నంతసేపు ఆ జరుగుడూ పెరుగుతుంది కాబట్టి అది స్థానంలో తప్పులా కాక నడకలా కనిపిస్తుంది. తిన్నటి రోడ్డు మీద, ఒకే వేగంతో వెళుతున్నప్పుడు ఈ తప్పు మారకుండా ఉంటుంది కాబట్టి నడకలా కనిపించదు.

ఇది మొదటి నుంచీ ఉన్న లోపం కాదు. కెమెరా నెట్‌వర్క్ కోసం బండిలో పెద్ద కంప్యూటర్ పెట్టినప్పుడు, లైడార్ సంకేతాలు అందుకునే ప్రోగ్రామును హడావుడిగా తిరగరాశారు. పాత ప్రోగ్రాము బిందువు బిందువుకూ దాని సమయం రాసేది. కొత్తది రాయలేదు. అందుకే కెమెరాలు కలిపాక జబ్బు మొదలైందన్న మ్యాప్ బృందం మాట నిజం, లైడార్ తప్పు చెబుతోందన్న కెమెరా బృందం మాటా నిజం. మార్చాక సెన్సార్ల అమరిక సరిచూశారు కూడా, కానీ ఆగివున్న బస్సు ముందు గళ్ల బోర్డు పెట్టి చూశారు. ఆగివున్న బండిలో కాలం తప్పు కనిపించదు.

షాడో మోడ్ ఫలితం కూడా అప్పుడే అర్థమైంది. ఆ మలుపుల్లో నెట్‌వర్క్ సాఫీగా నడవడానికి కారణం కెమెరా లైడార్‌కంటే మెరుగు కావడం కాదు. దానిలో రెండు గడియారాల అతుకు లేదు. అతుకు లేకపోవడం ఎండ్-టు-ఎండ్ పద్ధతికి నిజమైన బలమే, ఆ మాట నేను నివేదికలో రాశాను. అయితే ఆ బలానికి కెమెరాతో సంబంధం లేదు; లైడార్ బిందువులను కూడా అలాగే ఒకే నెట్‌వర్క్‌కు ఇచ్చే పద్ధతులున్నాయి. బయట జరిగే చర్చలో ఏ సెన్సార్ వాడాలన్నదీ, ఒకే నెట్‌వర్కా విడి అంచెలా అన్నదీ, ముందే గీసిన మ్యాప్ కావాలా వద్దా అన్నదీ ఒకే ప్రశ్నగా కలిసిపోయాయి. అవి మూడు ప్రశ్నలు.

పనిచేసినవి

గడియారాలను సరిచేయడం సూటి పని. అన్ని పరికరాలనూ గడియారాలను కలిపే ఐఈఈఈ 1588 ప్రోటోకాల్ ద్వారా ఒకే గడియారానికి కట్టాం, బిందువు బిందువుకూ కొలిచిన క్షణాన్ని రాయించాం, ఆ క్షణాల మధ్య బస్సు కదలికను తీసివేసి బిందువులను సరైన చోట పెట్టించాం. పరీక్షను కూడా మార్చాం: ఖాళీ స్థలంలో ఒక కర్ర పాతి, బస్సును దాని చుట్టుపక్కల ఎనిమిది అంకె ఆకారంలో నడపడం, కర్ర తెర మీద ఒకే చుక్కగా నిలవకపోతే ఆ రోజు బండి బయటికి వెళ్లకపోవడం. మలుపుల దగ్గర బ్రేకులు పోయాయి.

ఇనుప దూలాల విషయంలో ఎక్కువసేపు ఆలోచించాం. మ్యాప్‌లో వాటి చోటు గుర్తుపెట్టి అక్కడ రాడార్ మాట వినవద్దంటే ఒక్క రోజులో పని అయిపోతుంది. మ్యాప్ బృందం దానికే మొగ్గింది. ఆ దూలం కిందే ఒక లారీ చెడిపోయి ఆగితే ఏమవుతుందన్నది నా అడ్డు ప్రశ్న. చివరికి, రాడార్ చూపిన కదలని వస్తువును తీసేయకుండా, దాని ఎత్తు ఎంతో లైడార్‌ను అడిగే ఏర్పాటు చేశాం. లైడార్ జవాబు చెప్పలేని దూరంలో ఉంటే బ్రేకు బదులు యాక్సిలరేటర్ వదిలి, దగ్గరయ్యాక మళ్లీ అడుగుతుంది. దూలాల దగ్గర బస్సు ఇప్పటికీ కొద్దిగా సంకోచిస్తుంది. దాన్ని అలాగే వదిలేయమన్నాను.

పెద్ద నిర్ణయం ట్రెయిలర్ నమూనా గురించి. ఓటింగును రద్దు చేశాం. దారిని ఎంచుకునే పనిని కెమెరా నెట్‌వర్క్‌కే ఇచ్చాం, ఎందుకంటే ట్రాక్ మీద దాని నడక నిజంగానే మెరుగ్గా ఉంది, మ్యాప్ పాతబడినా తట్టుకుంది. దాని పక్కన, దానితో ఏ ప్రోగ్రామూ పంచుకోని చిన్న కాపలా వ్యవస్థను పెట్టాం. దానికి లైడార్ ఒక్కటే ఆధారం, వస్తువుల పేర్లు తెలియవు, ఏమీ నేర్చుకోదు. నెట్‌వర్క్ ఎంచుకున్న దారిలో, బస్సు మందంలో, ఘనమైనదేదైనా ఉందా అన్నది ఒక్కటే దాని ప్రశ్న. ఉంటే దాని మాటే చెల్లుతుంది.

అలాంటి కాపలాకు హద్దు లేకపోతే అదే కొత్త తప్పుడు బ్రేకులకు పుట్టిల్లు అవుతుంది. హద్దును బండి ఆగే దూరం నుంచే లెక్కగట్టాం. గంటకు 50 కి.మీ. అంటే సెకనుకు 13.9 మీటర్లు, ఆ వేగాన్ని ప్రతి సెకనులోనూ సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గిస్తూ ఆగడానికి 32 మీటర్లు, వ్యవస్థ స్పందించే అర సెకనుకు ఇంకో 7. మొత్తం 39. ఆ దూరం లోపల కాపలా మాట్లాడుతుంది, దాని అవతల అది నోరు విప్పదు. వేగం తగ్గితే హద్దూ దగ్గరవుతుంది. రెండు వ్యవస్థలను కలపకుండా విడివిడిగా ఉంచాలన్న ఆలోచన నాది కాదు. ఒకటి కెమెరాలతోనే, మరొకటి రాడార్, లైడార్లతోనే నడిచేలా వేరుచేసి కట్టే పద్ధతిని, డ్రైవింగ్ పరికరాలు తయారు చేసే సంస్థ మొబిల్‌ఐ ఎప్పటి నుంచో చెబుతోంది. మేం చేసింది దానికంటే చాలా చిన్నది.

నేర్చుకున్నవి

నా మట్టుకు నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించిన విషయం, సేఫ్టీ డ్రైవర్ మొదటి రోజే చెప్పిన మాటను నేను వినోదంగా రాసుకుని వదిలేయడం. ఎక్కడ ఆగుతుందో ముందే తెలుస్తోందంటే ఆ లోపం యాదృచ్ఛికం కాదు, దానికి స్థలంతోనో కదలికతోనో సంబంధం ఉంది. ఆ రోజే రెండో ప్రశ్న అడిగి ఉంటే మూడు వారాలు మిగిలేవి. ఇప్పుడు ఏ బండి దగ్గరికి వెళ్లినా, లాగు తెరిచే ముందు డ్రైవర్ పక్కన కూర్చుని ఎక్కడ భయమేస్తుందో అడుగుతున్నాను.

సెన్సార్ల సంఖ్య పెంచితే భద్రత దానంతట అది పెరగదు. ఒకే గడియారం, ఒకే అమరిక, ఒకే ట్రాకర్ పంచుకున్న మూడు పరికరాలు లెక్కకు మూడు, సాక్ష్యానికి ఒకటిన్నర. అలాగని తగ్గించినా పెరగదు, తగ్గించినప్పుడు అతుకులు పోతాయి కానీ వాటితోపాటు ఎదురు చెప్పే గొంతూ పోతుంది. ఈ రెండిట్లో ఏది ఎక్కువ ఖరీదైనదో బండి వేగం, మార్గం, డ్రైవర్ ఉన్నాడా లేడా అన్నవాటిని బట్టి మారుతుంది. మనిషి ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే సొంత కారులో లైడార్ వద్దనుకున్నవారి తర్కం నాకు అర్థమవుతుంది. స్టీరింగు ముందు ఎవరూ ఉండని బస్సులో అదే తర్కాన్ని నేను ఒప్పుకోలేను. ఇది నా అభిప్రాయం, కెమెరా బృందం నాయకుడు ఇప్పటికీ దీన్ని అంగీకరించడు. కెమెరాలకు ఇంకో రెండేళ్ల శిక్షణ ఇస్తే కాపలా అక్కర్లేదంటాడు.

యాజమాన్యం అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు వారికి అంతగా నచ్చలేదు. ఒక పద్ధతికే డబ్బు ఉందన్నవారికి ఒకటిన్నర పద్ధతి చెప్పాను. సెంటీమీటర్ల మ్యాప్‌ను ప్రతి నెలా మళ్లీ కొలిచే ఖర్చును తగ్గించి, ఆగే చోట్లు, సిగ్నళ్లు, లేన్ల వివరాలకే పరిమితమైన పలుచని మ్యాప్ చాలన్నాను. మిగిలిన డబ్బు కాపలా వ్యవస్థకు సరిపోయింది. మ్యాప్ బృందం వారిలో ఒకరిద్దరికి ఆ నిర్ణయం నొప్పి కలిగించింది.

ఇంకా తేలనిది

వాన వెలిసిన కాసేపటికి, రోడ్డు ఇంకా తడిగా ఉండగా, ముందు వెళ్లే లారీ చక్రాలు నీటి తుంపరను తెరలా పైకి లేపుతాయి. లైడార్ కిరణం ఆ తుంపర నుంచే తిరిగి వస్తుంది. కాపలాకు వస్తువుల పేర్లు తెలియవు కాబట్టి దానికి అది గోడ. ఒక్కో కిరణానికి వచ్చే ప్రతిధ్వనుల్లో మొదటిదాన్ని కాక చివరిదాన్ని తీసుకుంటే, తుంపర పలుచగా ఉన్నప్పుడు అవతలి లారీ కనిపిస్తుంది, చిక్కగా ఉన్నప్పుడు కనిపించదు. ప్రస్తుతానికి అలాంటి రోజుల్లో బస్సు గంటకు 25 కి.మీ. దాటకూడదని నియమం పెట్టారు. ఆ వేగంలో, అదే లెక్కన, కాపలా హద్దు 12 మీటర్ల లోపుకు వస్తుంది, ముందు లారీతో దూరం కూడా పెరుగుతుంది, తుంపర చాలావరకు హద్దు అవతలే పడిపోతుంది. రాడార్‌కు తుంపర అడ్డు కాదు కాబట్టి అక్కడ దాని మాట తీసుకోవాలా అని రెండు బృందాలూ ఇప్పుడు వాదించుకుంటున్నాయి. పోయిన వారం నాకు పంపిన లాగులో అలాంటి బ్రేకులు నాలుగు ఉన్నాయి. ముడి బిందువులు జతచేసి పంపారు, 'అనుమానిత సెన్సార్' గడి ఖాళీగా ఉంది, 'డ్రైవర్ ఏమన్నారు' అనే కొత్త గడిలో నాలుగింటికి మూడుచోట్ల ఒకటే మాట ఉంది: "లారీ వెనక".